తెలుగు అక్షరం లోపలి ఖాళీని బట్టి సూది: టాటూ కార్ట్రిడ్జ్‌ల ఎంపిక

నమస్కారం. తిరుపతిలో నా దగ్గరకు టాటూ కోసం వచ్చేవారిలో ఎక్కువమంది కోరేవి మూడు: స్వామివారి నుదుటి నామం, శంఖచక్రాలు, తెలుగులో ఒక పేరు. చూడటానికి ఈ మూడూ చిన్న పనులే అయినా, ఒకే కార్ట్రిడ్జ్‌తో, అంటే మెషిన్‌కు తగిలించే ఒకే సూదుల గుత్తితో, మూడింటినీ పూర్తి చేయాలనుకుంటే కనీసం రెండు పాడవుతాయి. ఇటీవల చిత్తూరు నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు ఒకే రకం సూదుల పెట్టె తెచ్చుకుని, "అన్నా, అన్నిటికీ ఇది చాలదా?" అని అడిగాడు. అతనికి చెప్పిన సమాధానమే ఈ వీడియోలో వివరంగా చెబుతున్నాను.

పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఒక భక్తుడి మణికట్టుపై "గోవింద" అని చిన్న అక్షరాలతో వేశాను. అప్పుడు వాడింది ఏడు సూదుల రౌండ్ లైనర్, అంటే గీతలు గీసే కార్ట్రిడ్జ్. ఆ రోజు అక్షరాలు నిండుగా, అందంగానే ఉన్నాయి. రెండేళ్ల తరువాత ఆయన మళ్లీ దర్శనానికి వచ్చి చేయి చూపించేసరికి సున్న చుక్కైపోయింది, "వి" మీది గుడి పూర్తిగా మూసుకుపోయింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఆ చేయి నాకు ఇప్పటికీ గుర్తుంది.

కారణం ఇది. ఇంకు పైచర్మం కింద, సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో నిలుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ గీత అక్కడే నెమ్మదిగా లావవుతుంది. నిలువు గీతలు ఎక్కువగా ఉండే ఇంగ్లీషు అక్షరాలు దీన్ని కొంతవరకు తట్టుకుంటాయి కానీ, సున్నలు, గుడులు, కొమ్ములు, వత్తులతో నిండిన మన గుండ్రటి లిపి తట్టుకోదు. అందుకే నేను ముందు శైలి పేరు చూడను, బొమ్మలో అన్నిటికంటే చిన్న ఖాళీ ఎక్కడుందో చూసి, అది పదేళ్ల తరువాత కూడా ఖాళీగా మిగిలేలా సూదిని ఎంచుకుంటాను.

ఇక పెట్టె మీది అంకెలను చదవడం నేర్చుకోవాలి. చాలా కంపెనీల పద్ధతిలో 1203 ఆర్‌ఎల్ అంటే, మొదటి 12 ఒక్కో సూది మందాన్ని, అనగా 0.35 మిల్లీమీటర్లను, తరువాతి 03 సూదుల సంఖ్యను, ఆర్‌ఎల్ రౌండ్ లైనర్‌ను సూచిస్తాయి. 10 అంటే 0.30, 08 అంటే 0.25 మిల్లీమీటర్లు. చిన్న పేర్లకు నేను మూడు సూదుల లైనర్ తీసుకుంటాను. సన్నని సూది ఉంటే చాలు, గీత సన్నగా వస్తుందని మాత్రం నమ్మవద్దు. చేయి బరువై సూది లోతుగా దిగితే, ఎంత సన్నని సూదితో వేసిన గీత చుట్టూ అయినా నీలి మసక పరుచుకుంటుంది. పేరు మరీ చిన్నగా కావాలని పట్టుబట్టినవారికి, అక్షరాల పరిమాణం పెంచమని నేను నచ్చజెబుతాను.

గీత గీసే లైనర్‌కు, రంగు, నీడ నింపే షేడర్‌కు తేడా తెలియాలంటే శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని గమనించండి. గీత గీయడానికి వారు మొన తేలిన వెదురు కలం పట్టుకుంటారు, రంగు నింపడానికి మొన మొద్దుగా ఉన్న కలం తీసుకుంటారు. లైనర్‌లో సూదులు బిగుతుగా ఒకే మొనలా కలిసి ఉంటాయి, రౌండ్ షేడర్‌లో కాస్త విడివిడిగా ఉంటాయి. మ్యాగ్నమ్‌లో రెండు వరుసలుగా పరుచుకుని, ఒక్కసారికే వెడల్పైన భాగాన్ని నింపుతాయి.

మనుషుల ముఖాల బొమ్మలకు, నీడలు మెత్తగా కలవవలసిన బొమ్మలకు కర్వ్‌డ్ మ్యాగ్నమ్ మంచిది. దాని మొనలు విల్లులా వంగి ఉండటం వల్ల అంచు సూదులు చర్మంలో గుచ్చుకుపోయి గీతలు మిగల్చవు. పైగా 08 లేదా 10 మందం తీసుకుంటే నీడ మరింత నునుపుగా వస్తుంది. మందపాటి గీతలతో వేసే పాతకాలపు శైలికి తొమ్మిది లేదా పద్నాలుగు సూదుల లైనర్, చుక్కలతో వేసే గుండ్రటి మండల చిత్రాలకు మూడు సూదుల లైనర్ సరిపోతాయి.

ఏ సూదైనా ఒక మనిషికే, ఒక్కసారికే. మన జాతరల్లో ఒకే సూదితో వరుసగా పలువురికి పచ్చబొట్టు పొడవడం చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది, ఎందుకంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రక్తం ద్వారా వ్యాపిస్తాయి. ప్యాకెట్‌ను వచ్చినవారి ఎదుటే తెరవండి, గడువు తేదీ వారికే చూపించండి. రక్తం, ఇంకు వెనక్కి మెషిన్‌లోకి పోకుండా ఆపే పలుచని పొర లోపల ఉన్న కార్ట్రిడ్జ్‌నే కొనండి.

చివరగా నామం. నేను అంచులను ఐదు సూదుల లైనర్‌తో నలుపులో గీసి, మధ్యలోని ఎరుపును నింపి, చర్మాన్ని శుభ్రంగా తుడిచిన తరువాతే తెలుపుకు వస్తాను. తెలుపుకు కొత్త కర్వ్‌డ్ మ్యాగ్నమ్ తెరుస్తాను, ఎందుకంటే నలుపు తగిలిన సూదిని ఎంత కడిగినా, మిగిలిన కొద్దిపాటి ఇంకు స్వామివారి నామంలోని తెలుపును బూడిద రంగుకు మార్చేస్తుంది.