ఆపో దీవి: 14 ఇళ్లు పెట్టుకున్న కట్టుబాటు

[దృశ్యం: పైనుంచి చిన్న దీవి. ఒడ్డు వెంట సన్నటి పడవలు.]

ఫిలిప్పీన్స్‌లో నీగ్రోస్ దీవి పక్కన ఆపో అని ఓ బుల్లి దీవి ఉంది. మొత్తం కలిపినా చదరపు కిలోమీటరు ఉండదు. అక్కడ ఊరి ముందు 450 మీటర్ల ఒడ్డు, దాని ఎదురుగా ఉన్న నీళ్లలో ఎవరూ వేట చేయకూడదని 1982లో కట్టుబాటు పెట్టుకున్నారు. పెట్టుకున్నది జాలర్లే.

[దృశ్యం: నీటి అడుగున విరిగిన పగడాలు.]

అప్పటికి ఆ చుట్టుపక్కల సముద్రం పాడైపోయింది. డైనమైట్, సయనైడ్ ఒకవైపు. ఇంకోవైపు మురో-అమి. అంటే తాళ్లకు రాళ్లు కట్టి పగడాల మీద దబదబా కొడుతూ, బెదిరిన చేపల్ని వలలోకి తోలడం. వల నిండేది, పగడం పిండయ్యేది. చివరికి దగ్గర్లో చేప దొరక్క, తెడ్డు వేసుకుంటూ ఎంతో దూరం పోవాల్సి వచ్చింది.

అదే ప్రాంతంలోని సిలిమన్ యూనివర్సిటీలో ఏంజెల్ అల్కాలా అనే జీవశాస్త్రవేత్త ఉండేవారు. సుమిలోన్ అనే దీవి దగ్గర 1974లోనే పగడపు దిబ్బలో నాలుగో వంతును వేటకు మూయించారాయన. ఆపో జాలర్లకు పాఠాలు చెబుతూ కూర్చోకుండా, కొందర్ని సుమిలోన్‌కి తీసుకెళ్లి అక్కడి చేపల్ని చూపించారు. నన్నడిగితే మొత్తం కథలో తెలివైన పని ఇదే.

చూసొచ్చాక కూడా ఊరంతా సరేననలేదు. ముందుకొచ్చింది 14 కుటుంబాలు. రోజు కూలి మీద బతికేవాడికి ఉన్న వేటలో పదో వంతు వదులుకోమంటే టెన్షన్ ఉండదా మరి!

[దృశ్యం: ఒడ్డున కూర్చుని సముద్రం వైపు చూస్తున్న మనిషి.]

వాళ్లు ఎంచుకున్న చోటు చూడండి. ఒడ్డున ఒక్కరు కూర్చుంటే చాలు, మూసిన నీళ్లన్నీ కళ్ల ముందే ఉంటాయి. స్పీడ్‌బోటు అక్కర్లేదు. ఆ ఇళ్లవాళ్లే వంతులు వేసుకుని కాపలా కాశారు. మూడేళ్లలో లోపల చేప పెరగడం అందరి కంటా పడింది. అప్పుడు మిగతా ఊరూ కలిసొచ్చి, దీవి చుట్టూ బాంబులు, విషం, మురో-అమి వద్దంది. బయటి పడవల్ని రానివ్వలేదు. ఆ దీవి ఏ మున్సిపాలిటీ కిందికొస్తుందో ఆ దావిన్, ఈ కట్టుబాటుకు చట్టబద్ధత ఇచ్చింది ఆ తర్వాతే.

[దృశ్యం: సుమిలోన్ దీవి.]

సరిగ్గా ఆ రోజుల్లోనే సుమిలోన్‌లో కథ తిరగబడింది. 1984లో అక్కడి రాజకీయం మారి, మూసిన చోటును వేటకు తెరిచేశారు. వేటాడే చోటు పెరిగింది కదా, చేప కూడా పెరగాలి. రెండేళ్లు తిరిగేసరికి దిబ్బ మొత్తం మీద పడే చేప సుమారు సగానికి పడిపోయింది. అన్నేళ్లూ మూసిన చోటు నుంచే చేప బయటికొచ్చి జాలర్ల గాలాలకు చిక్కుతోందన్న సంగతి, తెరిచాక గానీ తెలియలేదు.

ఆపోలో మాత్రం కాపలా ఆగలేదు. 1983 నుంచి 2001 మధ్య మూసిన చోట పార చేపలు, సర్జన్‌ఫిష్‌ల మొత్తం బరువు మూడింతలైంది. హద్దు దాటగానే గాలం వేసేవాళ్లకూ బాగా పడింది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం ఉంటుంది కదా. మన దగ్గర మూసేది కాలాన్ని, ఆపోలో మూసింది చోటుని. తేదీలు మనకు ప్రభుత్వం ప్రకటిస్తుంది. అక్కడ హద్దులు ఊరు గీసుకుంది.

[దృశ్యం: డైవింగ్ టూరిస్టులు, రశీదు పుస్తకం.]

చేప వచ్చింది, చేపను చూడ్డానికి టూరిస్టులు వచ్చారు, వాళ్లతో ఫీజు డబ్బులు వచ్చాయి. తగువు కూడా అక్కడే మొదలైంది. 1994లో ఆపోని జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించి, పెత్తనం ఒక బోర్డుకు అప్పగించారు. అందులో ఊరివాళ్లూ ఉన్నారు, కాకపోతే అధికారుల మాటే పైచేయి. అప్పట్లో ఫీజు ముందు జాతీయ నిధికి వెళ్లి, దీవి వాటా తర్వాత ఎప్పుడో తిరిగి రావాల్సి ఉండేది. ఆలస్యాలు జరిగాయి, జనం గొణుక్కున్నారు. కలిసి నిర్వహించడమంటే మీటింగులో కుర్చీ వేయడం ఒక్కటే అనుకుంటే ఇలాగే ఉంటుంది. డబ్బు ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలి.

[దృశ్యం: తుపాను అలలు.]

2011, 2012 డిసెంబర్లలో వచ్చిన రెండు తుపాన్లు సరిగ్గా ఆ 450 మీటర్ల వైపే కొట్టాయి. ఏళ్ల తరబడి కాచుకున్న పగడాలు చాలావరకు రాళ్ల కుప్పలయ్యాయి. మళ్లీ మొలిచేదాకా ఆ నీళ్లలోకి టూరిస్టుల్ని కూడా దిగనివ్వకుండా మూసేశారు.