పెరటి పుంజు మనిషి మీద పడుతుంటే

సభకు విచ్చేసిన పెద్దలకు, పెరట్లో కోళ్లు పెంచుకుంటున్న స్వయం సహాయక సంఘాల అక్కాచెల్లెళ్లకు నమస్కారం. కొక్కెర తెగులు గురించీ, టీకాల గురించీ మీరు ఇదివరకే ఎన్నో సభల్లో విన్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది కాని, దాని వల్ల కోళ్ల పెంపకమే మానుకున్న ఇళ్లు నాకు తెలుసు. పెరట్లోని పుంజు మనిషి మీదికి ఎగిరి తన్నడం, పొడవడం గురించే నేను చెప్పబోతున్నాను.

పశువైద్యుడిగా పనిచేస్తున్న రోజుల్లో ఒక ఇంట్లో చూసిన సంగతితో మొదలుపెడతాను. నాలుగేళ్ల పాప జంతిక పట్టుకుని దొడ్లోకి నడిచింది. ఎర్రటి పుంజు ఒకటి ఒక రెక్కను నేలకు రాసుకునేలా వేలాడదీసి, పక్కవాటంగా రెండడుగులు వేసి, మెడ ఈకలను గొడుగులా విప్పి, ఆ పాప ముఖం మీదికి ఎగిరింది. కాలి ముల్లు కంటికి బొటనవేలి వెడల్పు కింద గీరుకుపోయింది. చిన్నపిల్లల ముఖం సరిగ్గా పుంజు ఎగిరి తన్నే ఎత్తులో ఉంటుంది కాబట్టే, పెద్దవాళ్లకు పిక్క మీద గాయమయ్యే చోట పిల్లలకు కంటికే ప్రమాదం వస్తుంది. నాయనమ్మ చీపురుతో నాలుగు దెబ్బలు వేసింది. మర్నాడు ఆ పుంజు నాయనమ్మ మీదికే వచ్చింది.

చీపురు దెబ్బ తిన్న పుంజు భయపడకుండా మళ్లీ ఎందుకు వచ్చింది? కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అనే వరుస ఒకటి ఉంటుంది. నార్వేకు చెందిన శెల్డెరుప్ ఎబ్బె అనే శాస్త్రవేత్త చిన్నతనం నుంచి పెరటి కోళ్లను గమనిస్తూ వచ్చి, 1921లో ఈ వరుస గురించి శాస్త్రలోకానికి వివరించాడు. అయిదారు నెలల వయసులో కూత నిలదొక్కుకుని, ఒంట్లో మగ హార్మోను పెరిగే కాలంలో పుంజు ఈ వరుసలో తన చోటు వెతుక్కుంటుంది. ఆ సమయంలో తన పెట్టల మధ్య తిరిగే మనిషిని కూడా అది మరో పుంజుగానే లెక్కిస్తుంది. మనం పరుగెత్తితే తాను గెలిచానని నేర్చుకుంటుంది. మనం కొడితే, ఎదుటి పుంజు పోరుకు సిద్ధమైందని అనుకుంటుంది. పారిపోవడం, కొట్టడం పైకి రెండు వేరువేరు పనుల్లా ఉన్నా, రెండింటి వల్లా పుంజుకు అబ్బేది పోట్లాటే.

కాబట్టి మనం చేయవలసింది పారిపోకుండా, కొట్టకుండా అక్కడే నిలబడటం. పుంజు రెక్క దించి పక్కవాటంగా రావడం, ఒంటికన్నుతో తేరిపార చూడటం, గింజలేమీ లేకపోయినా నేలను టకటకా పొడవడం దాడికి ముందు కనిపించే గుర్తులు. (పెట్ట చుట్టూ తిరిగేటప్పుడు కూడా అది ఇలాగే రెక్క దించుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు.) ఈ గుర్తులు కనిపించగానే దానికి ఎదురుగా తిరిగి, చేతిలోని చాటనో గంపనో మోకాళ్లకు అడ్డుగా పెట్టుకుని, అది చూపు తిప్పి మేతలో పడేదాకా కదలకుండా ఉండండి. ఆ తర్వాతే మీ పనికి కదలండి. ముందుగా మీరు వెనకడుగు వేయకపోవడమే ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. కొన్ని పుంజులు కొత్త చీరనో, గొడుగునో, నీళ్ల బకెట్‌నో చూసి రెచ్చిపోతాయి. కోళ్లకు రంగులు బాగా తెలుస్తాయి కాబట్టి, మీ పుంజు దేన్ని చూసి రేగుతోందో ఒకటి రెండు రోజులు గమనించండి.

ఎత్తుకుని మచ్చిక చేయడం నేను ఎక్కువగా నమ్మే పద్ధతి. చీకటి పడి గూట్లో కునికే వేళ కోడి ఎదురు తిరగదు. అప్పుడు పట్టుకుని వేరే గంప కింద ఉంచి, తెల్లవారాక రెక్కలు కదలకుండా చంకలో ఇరికించుకుని, కాళ్లను మరో చేత్తో పట్టుకుని, పది పదిహేను నిమిషాల పాటు మీ మామూలు పనులు చూసుకుంటూ తిరగండి. బిగుసుకున్న ఒళ్లు సడలి, మెడ కిందికి వాలిన తర్వాతే మెల్లగా దింపండి. పెనుగులాడుతుండగా వదిలితే, పెనుగులాడితే విడుదల దొరుకుతుందని నేర్చుకుంటుంది. రోజూ ఇలా రెండు వారాలు చేస్తే చాలా పుంజులు దారికి వస్తాయి. కొందరు కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మనకున్నట్టు కోడికి ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య పొర ఉండదు కనుక, తలకిందులు చేస్తే పేగుల బరువంతా గాలి సంచుల మీద పడి ఊపిరాడదు. అప్పుడు అది కదలకుండా ఉంటే లొంగిందని అనుకోవద్దు, ఊపిరి కోసం అల్లాడుతోందని తెలుసుకోండి.

పందేల కోసం పెంచే అసిల్ జాతి పుంజులు ఇంకో పుంజును చూస్తే చచ్చేదాకా పోరాడతాయి. అదే పుంజు పెంచినవాడి చేతుల్లో పసిబిడ్డలా ఒదిగి ఉంటుంది. చిన్నప్పటి నుంచి రోజూ ఎత్తుకుని, ఒళ్లు నిమిరి సాకడం వల్ల మనిషి దానికి పోటీదారుగా కనిపించడు. వాటి కాళ్లకు కత్తులు కట్టి చంపించే పందేలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, నా మనసుకు అవి ఏనాడూ రుచించలేదు. కాని ఆ పెంపకంలోని ఈ ఒక్క ఓపిక మన పెరటికి అవసరం. పిల్లలు కోడిపిల్లల ముక్కు ముందు వేలు ఆడించి పోట్లాట నేర్పడం చూస్తుంటాం. అది ఆరు నెలల తర్వాత వాళ్ల మీదికే వస్తుంది.

ఇక అసలు చిక్కు చాలా ఇళ్లలో పుంజులు ఎక్కువ కావడం. వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ల రకాల పిల్లలను ఆడా మగా వేరు చేయకుండా తెచ్చుకుంటే వాటిలో సుమారు సగం పుంజులే అవుతాయి. బోనాలకనో, సంక్రాంతికనో, చుట్టాలు వచ్చినప్పుడు కోద్దామనో అన్నిటినీ ఉంచేస్తాం. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. అంతకు మించితే పుంజులు ఒకదాన్ని చూసి ఒకటి రేగుతాయి, జతకట్టడానికి పదే పదే మీదెక్కి తొక్కడం వల్ల పెట్టల వీపు మీద ఈకలు ఊడి చర్మం చీలుతుంది. నాలుగో నెలలోనే మిగులు పుంజులను వేరు చేసి అమ్మేయండి. గుడ్లు పెట్టడానికి పెట్టలకు పుంజు అవసరమే లేదు, పొదిగించాలనుకుంటేనే కావాలి. ఉన్నవాటికి మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి, చేత్తో తినిపించకండి. కాలి ముల్లు లోపల ఎముక, రక్తనాళం ఉంటాయి కనుక దాన్ని కోయకుండా, కొన మాత్రం ఆకురాయితో మొండిగా అరగదీయండి.

గాయమైతే పారే నీటి కింద సబ్బుతో కడిగి, ఆసుపత్రిలో ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగండి. కాళ్లలో సిరలు ఉబ్బిన పెద్దవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న 76 ఏళ్ల వృద్ధురాలిని పుంజు పిక్క మీద పొడవగా, ఉబ్బిన సిర తెగి రక్తం ఆగక ఆమె చనిపోయిన సంగతి 2019లో వైద్య పత్రికలో వచ్చింది.

రెండు వారాలు ఓపిక పట్టినా మారని పుంజు, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో, ఉండకూడదు. దాన్ని తెలియనివారికి మంచి పుంజని చెప్పి అమ్మడం అన్యాయం. దానితో జతకట్టిన పెట్టల గుడ్లను పొదిగించడం కూడా తప్పే, కోపిష్టితనం దాని కోడిపిల్లలకూ సంక్రమించవచ్చు. నేను చెప్పిన ఆ ఇంట్లో ఎర్ర పుంజును కోసేసి, పక్కవీధి నుంచి ఒక నెమ్మదైన పుంజును తెచ్చుకున్నారు. గింజ కనిపిస్తే తాను తినకుండా ముక్కుతో ఎత్తి దించుతూ పెట్టలను పిలిచే పుంజు అది, గద్ద నీడ పడితే మొదట అరిచేదీ అదే. అయితే పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాల పాటు నిలిచి ఉంటుంది. కొత్త పుంజు వచ్చాక మూడు వారాల వరకు వచ్చే గుడ్లను కూరకే వాడుకుని, ఆ తర్వాతి గుడ్లనే పొదిగించడానికి పెట్టండి.