ఆమె మోసిన బిందె ఏ పద్దులో రాయాలి?

సభకు నమస్కారం.

వ్యవసాయ శాఖ ఉద్యోగులు, అంగన్వాడీ టీచర్లు, మహిళా సంఘాల అధ్యక్షురాళ్లు ఒకే హాలులో పక్కపక్కన కూర్చోవడం నేను అరుదుగా చూశాను. పంట గురించి ఒక శాఖ, పళ్లెం గురించి ఇంకో శాఖ, వేర్వేరు రిజిస్టర్లు, వేర్వేరు సమావేశాలు. పొలం నుంచి పళ్లెం దాకా నడిచేది మాత్రం ఒకే మనిషి. ఈ రోజు ఆమె గురించి మాట్లాడతాను. తల్లుల తిండి బాగుపడాలని పొలం వైపు నుంచి నడిపే కార్యక్రమాలకు ఎంత ఖర్చవుతోంది, ఏం ఫలితం వస్తోంది, ఆ లెక్కలో మనం రాయకుండా వదిలేస్తున్నది ఏమిటి అన్నదే నా విషయం.

కొన్నేళ్ల కిందట పాలమూరు వైపు ఒక పల్లెలో ఐదో నెల గర్భిణితో కూర్చుని, ముందు రోజు ఏం తిన్నదీ అడిగి రాసుకుంటున్నాను. ఇది మా పనిలో రోజూ అడిగే ప్రశ్నే. ఆహారాన్ని పది రకాలుగా విడదీస్తాం: ధాన్యాలు, దుంపలు ఒకటి, పప్పులు ఒకటి, పల్లీలు, నువ్వుల వంటి గింజలు ఒకటి, పాలు, పెరుగు ఒకటి, మాంసం, చేపలు ఒకటి, గుడ్లు ఒకటి, ఆకుకూరలు ఒకటి, గుమ్మడి, బొప్పాయి, మామిడి వంటి పసుపు, నారింజ రంగు కూరగాయలు, పండ్లు కలిపి ఒకటి, మిగతా కూరగాయలు ఒకటి, మిగతా పండ్లు ఒకటి. ఒక రోజులో ఇందులో కనీసం ఐదు రకాలు తిన్న స్త్రీకి సూక్ష్మపోషకాలు, అంటే ఇనుము, విటమిన్ల వంటివి, ఓ మాదిరిగా అందుతున్నట్లు లెక్క.

ఆమె చెప్పింది: పొద్దున టీ. మధ్యాహ్నం అన్నం, చింతపండు చారు. రాత్రి అన్నం, టమాటా పచ్చడి. టీలో పోసిన ఆ కాసిన్ని పాలు లెక్కకు రావు. మిరపకాయా రాదు. వెరసి పదింటిలో రెండు. "పప్పు వండలేదా అమ్మా?" అంటే "ఆదివారం వండాను మేడం" అంది. వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి. గుడ్ల సంగతి అడిగాను. అమ్ముతారట, ఒకటి మిగిలితే పిల్లవాడికి పెడుతుందట. ఇంటి వెనక నాలుగు మంచాలంత ఖాళీ జాగా ఉంది. నేను ఉత్సాహంగా "ఇక్కడ తోటకూర, పాలకూర, రెండు మునగ మొక్కలు వేసుకోవచ్చు కదా" అన్నాను. ఆమె నా మాట కాదనలేదు. లేచి వీధి చివర ఉన్న బోరింగు చూపించింది. "నీళ్లు నేనే మోయాలి కదా మేడం" అంది.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఆమె ఒక్కతే కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ వరి పండుతోంది, రేషన్ బియ్యం అందుతున్నాయి, కడుపు నిండుతోంది. పళ్లెంలో అన్నం పక్కన ఏముందన్న దగ్గరే మనం ఓడిపోతున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కొలతల ప్రకారం గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి. ప్రొటీన్ నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలి. చారన్నంతో ఈ 22 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇప్పుడు మిమ్మల్ని ఒడిశాలోని కెందుఝర్ జిల్లాకు తీసుకువెళ్తాను. గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లా, ఇనుప గనుల జిల్లా. అక్కడ 'ఉపవన్' అనే పేరుతో ఒక పెద్ద పరిశీలన జరిగింది. 148 గ్రామ సముదాయాలను నాలుగు వర్గాలుగా విభజించారు. మొదటి వర్గంలో మహిళా సంఘాలు రెండు వారాలకు ఒకసారి కూర్చుని వ్యవసాయం మీద వీడియోలు చూశాయి. పెరటి తోట, అంతర పంటలు, కోళ్లు, అన్నీ పోషకాహారాన్ని దృష్టిలో పెట్టుకుని తీసినవే. స్థానికులే నటించారు, స్థానిక భాషలోనే తీశారు, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టరుతో గోడ మీద చూపించారు. ఆ తర్వాత కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి పలకరించారు. రెండో వర్గంలో వ్యవసాయం వీడియోలలో కొన్నింటికి బదులు తల్లీబిడ్డల తిండి గురించిన వీడియోలు వేశారు. మూడో వర్గంలో వీడియోలతో పాటు స్త్రీలే తమ సమస్యలు గుర్తించి, చర్చించి, పరిష్కారం నిర్ణయించుకునే సమావేశాలు నడిచాయి. నాలుగో వర్గానికి ఇవేవీ లేవు, పోల్చి చూడటానికి ఉంచారు. ఇలా 32 నెలలు.

2021లో ఫలితాలు వెలువడ్డాయి. పదింటిలో ఐదు రకాలు తింటున్న తల్లుల నిష్పత్తి, ఏ కార్యక్రమమూ లేని గ్రామాలతో పోలిస్తే, వ్యవసాయం వీడియోలు మాత్రమే చూసిన గ్రామాల్లో సుమారు ఐదో వంతు ఎక్కువ. చర్చలు కూడా జరిగిన గ్రామాల్లో దాదాపు 30 శాతం ఎక్కువ. పిల్లల తిండిలోనూ ఇలాంటి మార్పే కనిపించింది. కానీ వ్యవసాయం తగ్గించి తిండి సలహాలు పెంచిన రెండో వర్గంలో స్పష్టమైన తేడా తేలలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. పెరట్లో లేనిదాన్ని తినమని ఎంత చక్కగా చెప్పినా ఏం లాభం? "ఆకుకూరలు తినండి" అన్న పోస్టరు అంగన్వాడీ గోడ మీద ఎన్నేళ్ల నుంచి ఉందో మీకు నాకంటే బాగా తెలుసు.

అదే పరిశీలనలో ఇంకో మాట కూడా తేలింది, దాన్ని దాచకూడదు. తల్లుల శరీర బరువు సూచికలో, అంటే ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐలో, మూడు వర్గాల్లోనూ మార్పు కనిపించలేదు. పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడమూ తగ్గలేదు.

ఖర్చు లెక్కలు వేసేవారు ఇక్కడే ఆగిపోతారు. బరువు పెరగలేదు కాబట్టి ఫలితం సున్నా, పెట్టిన డబ్బు వృథా అని ఒక వాదన. నేను ఒప్పుకోను. ఆకుకూర, పప్పు, గుడ్డు తిన్నంత మాత్రాన తూనిక మీద ముల్లు కదలాలని లేదు. ఇనుము, ఫోలేట్, విటమిన్ ఏ తూకానికి దొరికేవి కావు. పైగా వాటి ఫలితం ఆ తల్లి దగ్గరే ఆగదు, కడుపులో ఉన్న బిడ్డకు, రేపు తల్లి కాబోయే పదిహేనేళ్ల కూతురికి చేరుతుంది. ఒకే కుండలో వండిన కూర ఇంటిల్లిపాదీ తింటారు. మనం మాత్రం ఖర్చును ఒక్క తల్లి తలకే భాగించి "మనిషికి ఇంత అయింది, చాలా ఎక్కువ" అంటాం.

కానీ బరువు ఎందుకు పెరగలేదన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి నా సమాధానం ఆ బోరింగు దగ్గర ఉంది.

ఇలాంటి కార్యక్రమాల ఖర్చు పట్టిక తీసి చూడండి. కార్యకర్తల జీతాలు, శిక్షణ, ప్రయాణాలు, వీడియోల తయారీ, ప్రొజెక్టర్లు, విత్తనాలు. పెద్ద ముద్ద జీతాలదే. వీడియోకు ఒకసారే ఖర్చు, తర్వాత ఎన్ని ఊళ్లలో చూపిస్తే తలకు అంత తగ్గుతుంది. కార్యకర్త జీతం అలా తగ్గదు, తగ్గకూడదు కూడా. ఇదంతా రసీదులు ఉన్న ఖర్చు. రసీదు లేని ఖర్చు ఇంకొకటి ఉంది. నెలకు రెండు సమావేశాలు, రానూపోనూ కలిపి ఒక్కోదానికి రెండు గంటలు అనుకోండి, నాలుగు గంటలు. పెరటి మడికి నీళ్లు మోసి పోయడానికి రోజుకు అరగంట, నెలకు పదిహేను గంటలు. మొత్తం పంతొమ్మిది. ఎనిమిది గంటల పని దినంతో భాగిస్తే రెండు రోజుల పైచిలుకు కూలి. ప్రతి నెలా ప్రతి స్త్రీ మన కార్యక్రమానికి చెల్లిస్తున్న చందా ఇది. ఏ పద్దులోనూ ఎక్కదు.

ఇది డబ్బుతో పోయేది కాదు. బిందె మోయడానికి ఒంట్లో శక్తి కావాలి. నాట్ల సమయంలో రోజంతా బురదలో నడుం వంచి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, ఆపైన మడికి నీళ్లు పోసే గర్భిణి, ఆ మడిలో పండిన తోటకూర తిన్నా ఒంటికి ఏం మిగులుతుంది? ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటున్నాం. కెందుఝర్‌లో జరిగినదంతా ఇదేనని నేను అనను. మన ఊళ్లలో ఇది జరగడం మాత్రం కళ్లారా చూశాను.

ఈ చిక్కు ఎంత లోతైనదో చెప్పడానికి కలుపు సంగతి ఎత్తుతాను. జొన్న చేలలో, కంది చేలలో విత్తకుండానే మొలిచే కూరలు మన పెద్దవాళ్లకు తెలుసు. పొన్నగంటి, గంగవాయిలి, తుమ్మి, గునుగు. కలుపుకు వెళ్లిన స్త్రీ సాయంత్రం కొంగులో కూర కట్టుకుని వచ్చేది. విత్తనం ఖర్చు లేదు, బిందె మోసే పని లేదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల మిశ్రమ పంటలతో పాటు ఈ కూరల విలువనూ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వస్తున్నాయి. గడ్డిమందు వచ్చాక ఆ కూర పోయింది. అలాగని గడ్డిమందును నేను ఒక్క మాటలో తిట్టిపోయలేను, ఎందుకంటే అది ఆడవాళ్ల నడుము నొప్పిని తగ్గించింది. అదే సమయంలో కలుపు కూలీనీ తీసేసింది. ఏ కుటుంబానికి ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది ఇంటింటికీ మారుతుంది. సొంత పొలం ఉన్న ఆమెకు విశ్రాంతి దొరికింది, కూలికి వెళ్లే ఆమెకు కూరా పోయింది, కూలీ పోయింది. వ్యవసాయాధికారులు ఒక మందు సిఫారసు చేసేటప్పుడు ఎకరానికి ఎంత ఆదా అని చెబుతారు. ఎవరి పళ్లెంలోంచి ఏం తగ్గుతుందో కూడా అడగమని నా విన్నపం.

బరువు ఎప్పటికీ పెరగదని కూడా అనుకోవద్దు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కీనా ఫాసోలో 2010 నుంచి 2012 దాకా హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన ఇంటి తోటల కార్యక్రమంలో, ఉండవలసిన దానికంటే తక్కువ బరువున్న తల్లుల శాతం 8.7 పాయింట్లు తగ్గింది. అక్కడ తోటల పని, తిండి గురించిన సలహాలు రెండూ కలిసి నడిచాయి. బంగ్లాదేశ్‌లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ 'ఏంజెల్' అనే కార్యక్రమంలో భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చింది. నాకు ఈ రెండో విషయం చాలా ముఖ్యం. గుడ్డు అమ్మాలా, ఎవరికి పెట్టాలా అన్న నిర్ణయం తల్లి ఒక్కతే తీసుకోనప్పుడు, తల్లిని మాత్రమే పిలిచి పాఠం చెప్పడం ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే. మన అంగన్వాడీల్లో గర్భిణులకు అక్కడే కూర్చోబెట్టి భోజనం, గుడ్డు, పాలు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఈ కారణంతోనే. ఇంటికి పంపిన గుడ్డు నాలుగు ముక్కలవుతుంది, ఆ నాలుగింటిలో తల్లి ముక్క ఉండదు. ఇక్కడున్న అంగన్వాడీ టీచర్లకు ఇది నేను చెప్పాలా!

కాబట్టి రేపు మీ మండలంలో ఇలాంటి కార్యక్రమం పెడితే, దయచేసి విత్తనాల సంచులు పంచి ఫొటోలు తీసుకోవడంతో మొదలుపెట్టకండి. ముందు నీళ్లు చూడండి. స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు పెరట్లోకి పారేలా చిన్న కాలువ తీస్తే రోజుకు ఎన్ని బిందెలు తప్పుతాయో లెక్క కట్టండి. రోజూ నీళ్లు అడిగే మడుల కంటే ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి ఇచ్చే మునగ, కరివేపాకు, బొప్పాయి, అవిశ ముందు వేయించండి. వేసవిలో మడి ఎండిపోతుంది, మునగ ఎండదు. పెరడే లేనివాళ్లకు పొలం గట్టు ఉంది, పత్తిలో కంది సాలు, అలసంద సాలు ఉన్నాయి. అవి ఎలాగూ చేసే పనిలో భాగంగా పండుతాయి, కొత్త పని పుట్టదు. సమావేశం నాట్ల రోజుల్లో పెట్టకండి. పెట్టిన రోజు మగవాళ్లనూ పిలవండి.

నిధులు సగానికి కోస్తే ఏది ఉంచుతారు, ఏది వదులుతారు అని ఇందాక టీ దగ్గర ఒక అధికారి నన్ను అడిగారు. మంచి ప్రశ్న. ప్రారంభోత్సవాలు, కరపత్రాలు, ఉచిత విత్తనాల సంచులు వదులుతాను. కార్యకర్త జీతం, చర్చా సమావేశాలు, నీటి కాలువ ఉంచుతాను. చర్చలు ఉన్నచోట తల్లుల పళ్లెం అన్నిటికంటే ఎక్కువ మారిందని కెందుఝర్ చూపించింది కాబట్టి, అవి ఖరీదైనవని ముందుగా వాటినే తీసేయడం నాకు సరైన పొదుపుగా కనిపించదు.

ఇంకొక్కటి. మీ చేతిలో ఉన్న రిజిస్టరులో తోటల సంఖ్యకు ఒక గడి ఉంది, విత్తనాల కిలోలకు ఒక గడి ఉంది. దాని పక్కన ఇంకో గడి గీయండి: ఈ తోటకు రోజూ నీళ్లు ఎవరు పోస్తున్నారు, ఎంతసేపు? ఆ గడిలో "భర్త", "అత్త", "కాలువ" అని రాసిన ఇళ్లను ఒక పక్కన, "గర్భిణి" అని రాసిన ఇళ్లను ఇంకో పక్కన పెట్టి, ఏడాది తర్వాత రెండు పళ్లాలనూ, రెండు తూకాలనూ పోల్చి చూద్దాం. ఆ కాగితాలు తీసుకుని నేను మళ్లీ వస్తాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.