పది లక్షలవ అమరిక ఏది? ర్యాంకు లెక్కను పైథాన్‌లో తిరగేద్దాం

నమస్కారం అండి. ఇంటర్ మ్యాథ్స్‌లో ప్రస్తారాల చాప్టర్ గుర్తుందా? ‘మాస్టర్’ అన్న ఇంగ్లిష్ పదంలోని ఆరు అక్షరాలిచ్చి, నిఘంటువు వరసలో దాని ర్యాంకు కట్టమనేవాళ్లు. జవాబు 257. నాకు చాలా ఇష్టమైన లెక్క అది. ఇవాళ దాన్నే తిరగేద్దాం. ర్యాంకు మనమిస్తాం, అమరిక ప్రోగ్రామ్ చెప్పాలి.

సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు, ఒక్కోటీ ఒక్కసారే. చిన్నదాని నుంచి వరసగా రాసుకుంటూ పోతే పది లక్షలవది ఏది? మొత్తం అమరికలు 36,28,800. పైథాన్‌లో అమరికలన్నీ వరసగా ఇచ్చే ఐటర్‌టూల్స్ మాడ్యూల్‌తో ఒక్కోటీ లెక్కపెడుతూ వెళ్లినా జవాబు దొరుకుతుంది. కానీ పది అంకెల బదులు 20 అక్షరాలుంటే? మొత్తం అమరికలే 19 అంకెల సంఖ్య. అప్పుడది పనికిరాదు.

స్క్రీన్ చూడండి. మొదట సున్నా పెడితే మిగతా తొమ్మిదింటికి 9 ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి 9 దాకా గుణిస్తే వచ్చే 3,62,880 అమరికలు. ఒకటి పెట్టినా అన్నే. రెండు గుంపులూ కలిపి 7,25,760. మూడోది కూడా కలిపితే పది లక్షలు దాటిపోతుంది. అంటే మనది మూడో గుంపులోనే ఉంది, మొదటి అంకె 2. ఏడు లక్షల పైచిలుకు అమరికల్ని ఒక్కటీ రాయకుండానే దాటేశాం, చూశారా! తర్వాతి స్థానానికి గుంపుకి 40,320. ఆరు గుంపులు పోతాయి. 2 తీసేశాక మిగిలినవాటిలో ఏడోది 7. ఇలాగే చివరిదాకా.

ఇక కోడ్. ‘డిజిట్స్’ అనే లిస్టు, ‘కె’లో 9,99,999. ‘ఎన్’ని 9 నుంచి 0కి దించుతూ, కెని ఎన్ ఫ్యాక్టోరియల్‌తో డివ్‌మాడ్ చేయండి, భాగఫలం, శేషం రెండూ ఒకేసారి వస్తాయి. భాగఫలం ఎంతో ఆ ఇండెక్స్‌లోని (లిస్టులో స్థానం, లెక్క 0 నుంచి మొదలు) అంకెను పాప్ చేసి, అంటే లిస్టు నుంచి తీసేసి, జవాబుకి చేర్చాలి. శేషమే కొత్త కె.

పది లక్షలు కాకుండా 9,99,999 ఎందుకు? ‘మాస్టర్’ కంటే ముందున్నవి 256, దానికి ఒకటి కలిపితే ర్యాంకు. మనం వెనక్కి వస్తున్నాం కాబట్టి ఆ ఒకటి ముందే తీసేయాలి. మొదటిసారి నేనిది మర్చిపోయాను. 2783915604 వచ్చింది. సరైనది 2783915460. చివరి మూడంకెలే తేడా, అందుకే తప్పు చాలాసేపు కంటికి ఆనలేదు.

ఇప్పుడు లిస్టులో ఏ, ఈ, ఎం, ఆర్, ఎస్, టీ పెడుతున్నా. కె 256, ఎన్ 5 నుంచి. రన్ చేద్దాం... ఎం, ఏ, ఎస్, టీ, ఈ, ఆర్. వచ్చేసింది!