బస్సులో పోయే మూడు గంటలు

వ్యాఖ్యాత: తిరుపతి నుంచి ఇంకో కాల్. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని మేడం, బీటెక్ మెకానికల్. మొన్న నైట్ షిఫ్టులో ఒకతను కునికిపాటు పడి మిషన్లో చెయ్యి నలగ్గొట్టుకున్నాడు. రిపోర్టులో ‘అజాగ్రత్త’ అని రాసేశారు. నాకది మింగుడు పడలేదు. పని అలసట మీదే పీజీ చదువు ఉందంట కదా, చేరమంటారా?

నిపుణురాలు: ఎన్నింటికి జరిగింది నాయనా?

శ్రోత: మూడున్నరకి. అతనికది వరసగా ఆరో నైటు. తిరుపతి నుంచి కంపెనీ బస్సులో పోను రాను మూడు గంటలు.

నిపుణురాలు: రెండు నుంచి ఆరు దాకా ఎవరికైనా కళ్లు మూతలు పడే వేళే. ఇక ఆ బస్సు గంటలు డ్యూటీ లెక్కలోకి రావు, నిద్రలోంచి మాత్రం పోతాయి. చట్టం వారానికి 48 గంటలకు మించొద్దంటుంది గానీ, మనిషి ఎంతసేపు పడుకున్నాడని అడగదు. నువ్వంటున్న సబ్జెక్టు మొదట అడిగేది అదే. డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో తేల్చిందేమంటే, 17 గంటలు మెలకువగా ఉంటే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా తయారవుతుందని. మన దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుకు 0.03 దాటితే చాలు!

వ్యాఖ్యాత: మన ఘాట్ రోడ్డు డ్రైవర్లు టీ తాగి లాగించేస్తారు కదా మేడం?

నిపుణురాలు: టీ పనిచేయడానికే అర్ధగంట పడుతుందండీ. తాగి, బండి పక్కన పెట్టి, ఇరవై నిమిషాలు కునుకు తీస్తే అప్పుడు ఫలితం ఉంటుంది. మొహం కడుక్కోవడం రెండు మలుపుల దాకానే.

శ్రోత: మరి కోర్సు మేడం?

నిపుణురాలు: ఆస్ట్రేలియాలో సెంట్రల్ క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ దీనికంటూ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ పెట్టింది. విమానయానంలో అయితే అలసట మీద 2011లోనే అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి, అక్కడ ఆ చదువుకు విలువుంది. నువ్వు మాత్రం అప్పు చేసి డాలర్లు కట్టొద్దు. చెన్నై రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ సేఫ్టీ అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది, ముందు దాని అర్హతలు కనుక్కో. పెద్ద ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని చట్టమే చెప్తోంది. ఆ కుర్చీలో కూర్చుంటే రిపోర్టు రాసేది నువ్వే. అలసట మీద చదువు ఆ తర్వాత ఆన్‌లైన్లోనైనా చేసుకోవచ్చు.

శ్రోత: అప్పటిదాకా నేనేం చేసేది?

నిపుణురాలు: మూడు నెలల రోస్టర్, అంటే షిఫ్టుల పట్టిక, ముందేసుకో. చిన్నా పెద్దా పొరపాట్లు ఏ గంటకి, ఎన్నో నైటుకి జరిగాయో ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టు. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో మారుతున్నాయా, తిరగబడి మారుతున్నాయా చూడు. తిరగబడితే ఒంటికి ఇంకా కష్టం. ఆ కాగితం మేనేజర్ టేబుల్ మీద పెట్టు. అవునూ, ఈ రాత్రి నీకు డ్యూటీనా?

శ్రోత: నైటే మేడం.

నిపుణురాలు: మధ్యాహ్నం పడుకున్నావా?

శ్రోత: లేదు మేడం... లైన్ కలుస్తుందేమోనని ఫోన్ దగ్గరే కూర్చున్నా.

నిపుణురాలు: అయితే పెట్టేసి పడుకో నాయనా. బస్సుకింకా టైముంది.