గొంతు మోడల్ రివ్యూ: అంగిలి బాగుంది, నరాలు నేనే దారాలతో కట్టుకున్నా

నమస్తే అండీ అందరికీ, అమలాపురం నుంచి. నేను నర్సింగ్ పిల్లలకి అనాటమీ చెప్తానని మన వీడియోలు చూసేవాళ్ళకి తెలుసు కదా. ఇదిగోండి, తలా మెడా మధ్యకి నిలువునా కోసినట్టు చూపించే ప్లాస్టిక్ మోడల్, ఆన్‌లైన్‌లో తెప్పించా, 3 వారాలు క్లాసులో వాడాకే ఈ వీడియో చేస్తున్నా. కంపెనీ పేరు చెప్పనండి, మోడల్ సంగతే మాట్లాడుకుందాం.

ముందు బాగున్నవి. అంగిలి చాలా బాగా చేశారు. దగ్గరగా పెడతా చూడండి, ఈ ముందు మూడింట రెండొంతులు లోపల ఎముక ఉండే గట్టి అంగిలి, వెనకది ఎముక లేని మెత్తటి అంగిలి, దాని చివర వేలాడేదే కొండనాలుక. మీరూ నాలుక కొసని పై పళ్ళ వెనక పెట్టి అలా వెనక్కి జరుపుకుంటూ వెళ్ళండి, ఒకచోట గట్టితనం అయిపోయి మెత్తగా తగుల్తుంది, అక్కడే మారుతుందన్నమాట. గొంతు కూడా నీట్‌గా ఉంది, ముక్కు వెనక, నోటి వెనక, స్వరపేటిక వెనక అని మూడు భాగాలు, పుర్రె అడుగు నుంచి మెడలో 6వ పూస దాకా 12 నుంచి 14 సెంటీమీటర్ల గొట్టం, రంగులు వేరు చేశారు కాబట్టి వెనక బెంచీలో పిల్లలకి కూడా తెలిసిపోతుంది.

ఇంక నరాలండీ. నాకు బాధంతా ఇక్కడే. అంగిలికీ గొంతుకీ కలిపి ఒకటే పసుపు గీత గీసి, మోడల్‌తో ఇచ్చిన నంబర్ల కాగితంలో వేగస్ అని రాసి వదిలేశారు. అంటే 10వ కపాల నరం, మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్ని కపాల నరాలంటాం, వాటిని నంబర్లతోనే పిలుస్తాం. అది తప్పు కాదు గానీ సగమే చెప్పినట్టు. మెత్తటి అంగిలిలో 5 కండరాలుంటే నాలుగింటికి వేగసే, ఫారింజియల్ ప్లెక్సస్ అనే నరాల అల్లిక ద్వారా వస్తుంది. ఐదోది టెన్సర్ వీలి పాలటైనై, దీనికి మాత్రం 5వ నరం, అదే ట్రైజెమినల్, దాని మూడో కొమ్మ నుంచి. మింగినప్పుడు చెవిలో టప్‌మని తెరుచుకున్నట్టు ఉంటుంది చూడండి, చెవి నుంచి ముక్కు వెనక్కి వచ్చే గొట్టాన్ని లాగి తెరిచేది ముఖ్యంగా ఈ కండరమే. గొంతు కండరాల్లో కూడా అన్నిటికీ వేగస్ అయితే ఒక్క స్టైలోఫారింజియస్‌కి 9వ నరం, గ్లాసోఫారింజియల్. పరీక్షలో అడిగేది సరిగ్గా ఈ రెండే, మోడల్‌లో లేనివీ ఈ రెండే.

కదలిక సంగతి ఇలా ఉంటే, స్పర్శ, నొప్పి తీసుకెళ్ళే నరాలు అసలు వెయ్యనే లేదు. మన గోదారోళ్ళకి అది చెప్పకపోతే ఎలాగండీ? పుస్తెలమ్మైనా పులస తినాలంటాం, దానికేమో ఒళ్ళంతా ముళ్ళే. మొన్న వరద నీళ్ళప్పుడు మా పెద్దత్తగారికి ముల్లు గుచ్చుకుంది, గొంతు కంటే చెవే ఎక్కువ లాగేస్తోందమ్మా అంటుంటే ఇంట్లోవాళ్ళు చెవిలో చుక్కలు వెయ్యబోయారు. ముల్లు ఉన్నది టాన్సిల్‌లో. టాన్సిల్ నుంచి నొప్పి మోసుకెళ్ళేది ఎక్కువగా 9వ నరమే, దాని కొమ్మే ఇంకోటి నడిమి చెవికి వెళ్తుంది, అందుకని మెదడు నొప్పి ఎక్కడిదో పోల్చుకోలేదు. టాన్సిల్ ఆపరేషన్ అయిన పిల్లలు చెవి పట్టుకుని ఏడ్చేదీ చాలావరకు ఇందుకే, మా స్టూడెంట్స్‌కి ఇది వార్డులో రోజూ పనికొచ్చే విషయం. ముల్లు ఇంకా కిందకి జారి స్వరపేటిక పక్క గుంటలో, అంటే పిరిఫార్మ్ ఫోసాలో పడితే అక్కడ పల్చటి పొర కిందే వేగస్ కొమ్మ ఉంటుంది, ఇంటర్నల్ లారింజియల్ నెర్వ్, అందుకే కెలక్కూడదు. అన్నం ముద్ద మింగించడాలు కూడా మానేయండి ప్లీజ్, ముల్లు ఇంకా లోపలికి దిగిపోవచ్చు, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి వెళ్ళండి.

ఇంకో లోటు, మెత్తటి అంగిలి ఇందులో గట్టి ప్లాస్టిక్, లేవదు. అది లేవడమే కదా అసలు పని! ముక్కు మూసుకుని మామ అనండి, ఇంచుమించు బాబ అని వినిపిస్తుంది. పెదాలు రెండిటికీ ఒకేలా కలుస్తాయి, మకి అంగిలి దిగి గాలి ముక్కులోకి వెళ్తుంది, బకి లేచి ఆ దారి మూసేస్తుంది, అంతే తేడా. గ్రహణ మొర్రితో అంగిలి కూడా చీలి పుట్టిన పిల్లలకి ఈ మూత సరిగ్గా పడదు, మాట ముక్కులోంచి వస్తుంది. అందుకని నేను మోడల్ పక్కన పెట్టి టార్చీ, అద్దం ఇచ్చి ఆ అనమంటా. ఒక పక్క వేగస్ దెబ్బతింటే కొండనాలుక బాగున్న పక్కకి లాగుతుంది, దెబ్బతిన్న పక్కకి కాదు, ఇది ప్రతి బ్యాచ్‌లో తిరగేసి రాస్తారు.

చివరికి ఏం చేశానంటే మిషన్ దారాలు తెచ్చి గమ్‌తో అతికించా, 5వ నరానికి ఎరుపు, 9కి ఆకుపచ్చ, 10కి నీలం, ఇదిగో చూడండి టాన్సిల్ దగ్గర ఆకుపచ్చ ఎలా పైకి చెవి వైపు వెళ్తోందో. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి అయిపోయింది.

ఆకారం కోసమైతే తీసుకోండి, నేనిచ్చిన డబ్బుకి అంగిలి వరకు న్యాయమే. నరాల కోసమైతే మాత్రం ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాళ్ళని నంబర్ల కాగితం ఫొటో పంపమనండి, అందులో 9వ నరం విడిగా లేకపోతే దారాలు కూడా కొనుక్కోండి.