జానెడు, బెత్తెడు, అంగుళం: రాజోలు ఇంట్లో గిటార్ రికార్డింగ్

నమస్తే అండీ అందరికీ. వెనకాల వినిపిస్తున్నది వాన కాదండోయ్, రొయ్యల చెరువులో ఏరేటర్లు. సంక్రాంతికి డల్లాస్ నుంచి రాజోలు దగ్గర మా అమ్మమ్మ గారి ఊరొచ్చాను. పెరడు దాటితే కొబ్బరి తోట, తోట దాటితే మావయ్య చెరువు, ఆ అవతల వశిష్ఠ గట్టు. పిండివంటలన్నీ నిన్ననే చూపించేశాను, ఇవాళ గిటార్ సంగతి.

డల్లాస్‌లో మాది అపార్ట్‌మెంట్. యాంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టె, కాస్త పెంచానంటే కింద ఇంటాయన సీలింగ్‌ని పొడుస్తాడు. అందుకని మూడేళ్లుగా హెడ్‌ఫోన్సే గతి. ఇక్కడ ఆ భయం లేదు కదా అని గిటారూ, ఒక షూర్ ఎస్ఎం57 మైకూ, మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేసూ మోసుకొచ్చాను. యాంప్ మాత్రం తేలేదు. అక్కడిది 120 వోల్టులది, ఇక్కడ 230. నేరుగా ప్లగ్గులో పెడితే పొగే! మా బావ కాలేజీలో ఉండగా కొన్న యాంప్ ఒకటి అటక మీద పడుంది, 12 అంగుళాల స్పీకరుది. దించి దుమ్ము దులిపితే పలికింది, సంతోషం.

మొదటి రికార్డింగ్ వినిపించనా? వద్దులెండి, మీ చెవులు నాకు ముఖ్యం. హాల్లో గచ్చు మీద యాంప్ పెట్టి, జానెడు దూరంలో మైకు నిలబెట్టి వాయించేశాను. పైన గీ అని పళ్లు జివ్వుమనే మోత, కింద గచ్చు బొయ్యిమనడం, మధ్యలో ఖాళీ హాలు ప్రతిధ్వని. మైకు తప్పు కాదండి, అది 1965 నుంచి ఉన్న మోడల్, గిటార్ యాంప్‌ల ముందు దానికున్నంత అనుభవం నాకెక్కడిది!

సరే, హాలు వదిలేసి ధాన్యం బస్తాలున్న గదిలోకి మారాను. మూడు పక్కలా బస్తాలే, చప్పట్లు కొడితే ఒక్కటీ తిరిగి రాలేదు. యాంప్‌ని స్టూలెక్కించాను, గచ్చు గోల తగ్గింది. యాంప్‌ని కిటికీ ఎదురు గోడకి పెట్టాను. ఎందుకంటే ఈ మైకు ముందున్నదాన్ని బాగా వింటుంది, వీపు వెనకున్నదాన్ని పెద్దగా పట్టించుకోదు. మైకు యాంప్ వైపు చూస్తుంటే దాని వీపు కిటికీకి, అంటే ఏరేటర్లకి. అమ్మమ్మ మధ్యాహ్నం నిద్రపోతుందని చిన్నగా వాయించాలి కాబట్టి ఇదంతా.

ఇప్పుడు అసలు పని. సెల్‌ఫోన్ లైటు స్పీకరు ముందున్న జాలీగుడ్డ మీద వేస్తే లోపల కోను, అంటే శబ్దం పుట్టించే గరాటు లాంటి రేకు, కనిపిస్తుంది, నడిమధ్యన బోర్లించిన చిన్న మూత, అదే డస్ట్ క్యాప్. మైకు దానికి ఎదురుగా ఉంటే పదునైన శబ్దం, కోను అంచు వైపు జరిపేకొద్దీ మెత్తబడుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ, వాయిస్తూ మైకు ఎలా జరపను? మావయ్యని పిలిచాను.

"మావయ్యా, నేను వాయిస్తూ ఉంటా. మీరు దీన్ని మధ్య నుంచి అంచుకి మెల్లగా జరపండి. నేను ఆగమన్నప్పుడు ఆగండి."

మావయ్య మైకుని రొయ్య పిల్లని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకటే కార్డు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, మోగిస్తున్నాను. జరుగుతోంది, జరుగుతోంది, మూత అంచు దాటి కోను మొదలయ్యే చోట ఆ గీ మాయమై తీగ మీద వేలి రాపిడి కూడా వినిపించింది. "ఆగండాగండి!" అంటే, "ఏటల్లుడూ, అరంగుళానికే ఇంత తేడానా?" అన్నాడు. ఆయ్, అరంగుళానికే. సాఫ్ట్‌వేర్‌లో పైస్వరాలూ కింది స్వరాలూ పెంచి తగ్గించే ఈక్వలైజర్ తిప్పుతూ గంటలు తగలేసిన నాకు ఆ మాట కాస్త గుచ్చుకుంది.

ఆ చోటు మళ్లీ దొరకాలి కదా! అత్తయ్య అద్దానికి అంటించుకున్న బొట్టు బిళ్లల్లోంచి ఒకటి అడిగి జాలీగుడ్డ మీద అతికించాను. ఇదిగో చూడండి, యాంప్‌కి ఎర్ర బొట్టు.

ఆశకి అంతెక్కడ? గుళ్లో భజన మైకు తెచ్చి రెండోదిగా జానెడు వెనక్కి పెట్టాను. విడివిడిగా రెండూ బాగున్నాయి, సమానంగా కలిపితే శబ్దం చిక్కిపోయింది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. రెండు మైకులకీ మధ్య 20 సెంటీమీటర్ల తేడా ఉంటే రెండోదానికి అర మిల్లీసెకను పైచిలుకు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 850 కంపనాలు, అంటే 850 హెర్ట్జ్ చుట్టుపక్కల ఆ ఆలస్యం సగం అలకి సమానం, కాబట్టి అక్కడ ఒకటి పైకి నెడుతుంటే ఇంకోటి కిందికి లాగుతుంది, గిటారుకి కండ ఉండేది కూడా అక్కడే. ఓపికుంటే దూరం సర్ది సరిచేయొచ్చు. నాకు లేదు. భజన మైకు గుడికి వెళ్లిపోయింది.

అన్నట్టు గిటారులోంచి వచ్చే కరెంటు గుయ్యిమనే మోత, హమ్ కూడా ఇక్కడ వేరేనండోయ్. డల్లాస్‌లో 60 హెర్ట్జ్, ఇక్కడ 50, అంటే జీ స్వరానికి ఓ పిసరు పైన. గిటార్ పట్టుకుని కాస్త పక్కకి తిరిగి కూర్చుంటే సగం తగ్గింది. ఏ మూల తగ్గుతుందో కుర్చీతో సహా తిరుగుతుంటే అమ్మమ్మ లేచొచ్చి, వీడికేమైందే అని అత్తయ్యని అడిగింది.

చివరికి మైకుని బొట్టుకి ఎదురుగా, గుడ్డకి అంగుళం దూరంలో పెట్టి నాలుగు నిమిషాల ముక్క రికార్డు చేశాను. హెడ్‌ఫోన్స్‌లో అమోఘం. పెన్‌డ్రైవ్‌లో వేసి మావయ్య ట్రాక్టరు సౌండ్ బాక్సులో పెట్టి మోగించాం. ఊళ్లో దానికన్నా పెద్ద స్పీకర్లు లేవు.

గుబగుబ! కొబ్బరి మట్ట మీదున్న కాకులు లేచిపోయాయి.

"గిటారన్నావు, డప్పు వాయించావేటి?" అన్నాడు మావయ్య.

ఈ రకం మైకు ఎంత దగ్గరైతే కింది స్వరాలు అంత ఉబ్బుతాయి. నా హెడ్‌ఫోన్స్‌లో ఆ కింది స్వరాలు సరిగా వినపడవు, ట్రాక్టరుకి అదే ప్రాణం. కాబట్టి రేపు పొద్దున్నే బొట్టు కదపకుండా మైకుని బెత్తెడు వెనక్కి లాగి మళ్లీ తీస్తాను. ట్రాక్టరు ధాన్యం దింపి మధ్యాహ్నానికి గానీ రాదట. అది వచ్చేదాకా ఎడిటింగ్ మొదలెట్టను.